చెత్తలోంచి వింతలట! మరి చెత్త ఎత్తిన చేతులేవీ?

దసరా సెలవులకు మేము ఢిల్లీ పోయి వచ్చాం. మేమంటే రెండు పంతుళ్ళ కుటుంబాలు, నలుగురు పిల్లలు, మాలో ఒకరి తల్లి. ఆమెను మేమందరం పెద్దమ్మ అంటాం. ఇది పత్రికలో రాసుకోవాల్సినంత పెద్ద ముచ్చటా అని కొందరు మిత్రులు అడగొచ్చు. పెద్ద ముచ్చటే. సెలవులు రాగానే సూట్‌కేసు సర్దుకుని దేశం చూడబోవడం ఊళ్ళో పెద్దకులాల ఇండ్లకు మూడు తరాల అలవాటు. మన వాడల్లో అది ఇంకా మొదటి తరం సంగతే. మన తాతలు ఊరు దాటింది రెండింటికే: కరువొస్తే వలసకు, ప్రాజెక్టు కడుతుంటే రాళ్ళు మొయ్యడానికి. పని కోసం కాకుండా చూడ్డం కోసం టికెట్ కొనుక్కుని రైలెక్కడం మనకు కొత్తగా దక్కిన హక్కు. కాబట్టి ఏం చూశామో, మాకు ఏది చూపించలేదో చెప్పుకోవడం కూడా మన పనే.

సికింద్రాబాద్‌లో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అది పోయిపోయి ఆగేది హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో. ఆ స్టేషన్‌కు దగ్గర్లోనే, సరాయ్ కాలే ఖాన్ దగ్గర, దక్షిణ ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వాళ్ళు 2019 ఫిబ్రవరిలో ఒక పార్కు తెరిచారు. పేరు 'వేస్ట్ టు వండర్'. అంటే చెత్త నుంచి వింత. తాజ్‌మహల్, గీజా పిరమిడ్, ఈఫిల్ టవర్, పీసా వాలు గోపురం, రోమ్ కొలోసియం, న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహం, బ్రెజిల్‌లోని ఏసుక్రీస్తు విగ్రహం, ఈ ఏడింటికీ బుల్లి రూపాలు అక్కడున్నాయి. అన్నీ తుక్కు ఇనుముతో చేసినవే. పాత పైపులు, చెడిపోయిన బండ్ల భాగాలు, కరెంటు స్తంభాలు, అట్లా 150 టన్నుల తుక్కు వాడారట. ఒక్క పూటలో ప్రపంచమంతా చుట్టి రావచ్చు. ఆ మధ్యలో ఫొటోలు దిగొచ్చు. 2021 డిసెంబరులో పంజాబీ బాగ్‌లో ఇట్లాంటిదే ఇంకోటి తెరిచారు. అందులో మన దేశపు కట్టడాలు. మన చార్మినార్ కూడా ఉంది.

ముందే చెప్తున్నాం, పిల్లలు సంబరపడ్డారు. మేమూ పడ్డాం. సాంఘిక శాస్త్రం పుస్తకంలో తపాలా బిళ్ళంత బొమ్మ చూపించి పాఠం చెప్పే పంతుళ్ళం మేము. ఆ బొమ్మ చుట్టూ నడిచి రావచ్చంటే మాకు మాత్రం ఆశ ఉండదా? పనికిరాదని పారేసిన ఇనుపముక్కను తాజ్‌మహల్ గుమ్మటంగా వంచిన పనోడి చేతికి దండం పెట్టాలి. వాలు గోపురం దగ్గర పిల్లలు చేతులు చాపి దాన్ని పడకుండా ఆపుతున్నట్టు ఫొటో దిగారు. పెద్దమ్మ నవ్వి, "గది వంగితే ఇంతమంది చూడ వస్తున్రు, నా నడుము వంగితే ఎవలు చూస్తలేరు" అంది. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆమె ఇనుప స్తంభాన్ని చేత్తో తడిమి ఇంకో మాటంది.

"గింత ఇనుము ఎవలు ఏరిన్రు బిడ్డా?"

మా దగ్గర జవాబు లేదు. పార్కంతా తిరిగాం గానీ ఆ జవాబు మాకు ఎక్కడా దొరకలేదు. రాత్రి బసకు తిరిగొచ్చాక కూడా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

చెత్త తనంతట తాను వింత కాదు. ఇంట్లోంచి పారేసిన వస్తువుకూ పార్కులో నిలబడ్డ బొమ్మకూ మధ్య ఎన్నో చేతులున్నాయి. తెల్లారకముందే బస్తా భుజానేసుకుని కుప్పల్లో ఏరేవాళ్ళు, ఇనుము ఇనుముగా, రాగి రాగిగా విడదీసేవాళ్ళు, తోపుడు బండి మీద పాత సామాన్ల దుకాణానికి చేర్చేవాళ్ళు. ఈ చేతులు ఎవరివో ఈ పత్రిక పాఠకులకు విడమరిచి చెప్పాలా? ఊళ్ళో చచ్చిన గొడ్డును ఎవరు మోశారో పట్నంలో చెత్తను వాళ్ళే మోస్తున్నారు. ఢిల్లీలో వాల్మీకులు, పొట్ట చేతబట్టుకుని వచ్చిన పేద ముస్లింలు, మన దగ్గర మాదిగలు, రెల్లి వాళ్ళు. ఊరు మారింది, బండి మారింది, వీపు మీద కులం మారలేదు. బాబాసాహెబ్ కులమంటే పని విభజన కాదు, పనోళ్ళ విభజన అన్నాడు. అది చూడాలంటే ఏ పట్నంలోనైనా తెల్లారి నాలుగింటికి లేచి రోడ్డు మీదికి వస్తే చాలు.

ఈ పార్కు తెరిచిన 2019లోనే ఢిల్లీకి తూర్పు అంచున ఘాజీపూర్ చెత్తకుప్ప ఎత్తు 65 మీటర్లకు చేరిందని పత్రికలు రాశాయి. కుతుబ్ మినార్ ఎత్తు 73 మీటర్లు. అంటే సుల్తానులు కట్టించిన మినార్‌తో పోటీపడే మినార్‌ను ఈ నగరం 1984 నుంచి తన చెత్తతోనే కట్టుకుంది. 2017లో ఆ గుట్టలో ఒక పక్క కూలి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిజంగా చెత్త నుంచి పుట్టిన వింత అది. దానికి బుల్లి రూపం ఎవరూ చెయ్యలేదు, టికెట్ పెట్టలేదు. ఆ గుట్ట ఎక్కి బతికేవాళ్ళు మన ఫొటోల్లోకి రారు.

ఇక భూమి పైన కనిపించే చెత్త సంగతి ఇట్లా ఉంటే, భూమి కింద పారే మురుగు సంగతేమిటి? చేత్తో పాకీపని చేయించడం నేరమని 1993లో ఒక చట్టం వచ్చింది. అది చాలక 2013లో ఇంకోటి వచ్చింది. 1993 నుంచి మురుగుగుంతల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలివ్వమని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. లక్షలు పెరిగాయి గానీ చావులు ఆగలేదు. చంద్రుడి మీదికి యంత్రాన్ని దించగలిగిన దేశం మ్యాన్‌హోల్‌లోకి యంత్రాన్ని దించలేదంటే నమ్మాలా? చాతగాక కాదు, అక్కర లేక. దిగేవాడి కులం ఏదో పైన నిలబడ్డవాడికి తెలుసు కాబట్టి. ఈ ఢిల్లీలోనే కూర్చుని ఈ చావుల్ని లెక్కగట్టి పాలకుల ముందు పెడుతున్నవాడు మన తెలుగుబిడ్డ బెజవాడ విల్సన్. కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసిన కుటుంబంలోంచి వచ్చి, ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి వాళ్ళ తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టాడు. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. బంగారం తవ్విన ఊళ్ళో కూడా మనవాళ్ళకు దక్కింది ఆ పనే, చూడండి!

ఇప్పుడు ఆ ఏడు వింతల దగ్గరికి మళ్ళీ రండి. మేము పంతుళ్ళం కదా, పిల్లలకు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చెప్పుకుంటూ పోయాం. తాజ్‌మహల్ కట్టించింది షాజహాన్. కట్టింది వేలమంది కూలీలు. ఈఫిల్ టవర్‌ను 1889లో తెరిచారు. దాని మీద 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లు చెక్కించారు. మంచిదే, రాజుల పేర్లకంటే నయమే. కానీ గాలిలో వేలాడుతూ ఇనుము బిగించిన ఒక్క కూలీ పేరు లేదు. కొలోసియం అంటే బానిసలు ఒకర్నొకరు చంపుకుంటుంటే దొరలు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టిన మైదానం. బ్రెజిల్‌లో చేతులు చాపి నిలబడ్డ క్రీస్తును 1931లో నిలబెట్టారు. ఆ దేశం అమెరికా ఖండాలన్నింటిలోకీ చిట్టచివరిగా, 1888లో గానీ బానిసత్వాన్ని వదలలేదు.

స్వేచ్ఛా విగ్రహం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాం. న్యూయార్క్‌లోని అసలు విగ్రహం కాళ్ళ దగ్గర తెగిన సంకెళ్ళున్నాయి. పైనున్న దివిటీ అందరికీ తెలుసు, కిందున్న సంకెళ్ళ గురించి చాలామందికి తెలియదు. ఆ విగ్రహాన్ని 1886లో నిలబెట్టారు. అంతకు 13 ఏండ్ల ముందే, 1873లో, మన జోతిబా ఫూలే 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చాడు. పుణెలో కూర్చుని ఆయన సముద్రాల అవతలి సంకెళ్ళను కూడా చూడగలిగాడు. ఆ సంగతి మా పిల్లల పాఠంలో లేదు. ఇకనుంచి మా తరగతిలో ఉంటుంది.

పిరమిడ్ దగ్గర మాత్రం మేమే పాఠం మార్చుకోవాల్సి వచ్చింది. కొరడా దెబ్బలు తింటూ బానిసలు కట్టారని మేము ఏండ్ల తరబడి చెప్పుకొచ్చాం. 1990లో గీజాలో పిరమిడ్ కట్టినవాళ్ళ సమాధులు బయటపడటం మొదలైంది. వాళ్ళకు రొట్టె, మాంసం అందాయనీ, విరిగిన ఎముకలకు కట్లు కట్టారనీ, చచ్చాక రాజు సమాధి ఛాయలోనే పూడ్చుకున్నారనీ తవ్వినవాళ్ళు చెప్పారు. ఇది విని మేము ఫారోలకు జై కొట్టడం లేదు. ఒక్క మాటే అడుగుతున్నాం. నాలుగున్నర వేల ఏండ్ల కింద ఈజిప్టులో కూలోడికి రాజు పక్కన దక్కిన ఆరడుగుల జాగా ఇవాళ మన ఊళ్ళల్లో ఎంతమంది దళితుల శవాలకు దక్కుతోంది? ఊరి శ్మశానం వేరు, వాడ బొందలగడ్డ వేరు. చచ్చాక కూడా మనం ఊరి బయటే.

పెద్దమ్మకు ఈ చరిత్రలేవీ కొత్తగా అనిపించలేదు. ఆమె పదేండ్ల పిల్లగా తల్లిదండ్రులతో నాగార్జునసాగర్ కట్ట మీద కూలీల గుడిసెల్లో ఉంది. 1955 డిసెంబరులో నెహ్రూ పునాది వేస్తే 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. అది రాతికట్టడం. యంత్రాలు తక్కువ, తలలు ఎక్కువ. మనుషులు సారువల మీద నెత్తిన రాళ్ళు మోసుకుంటూ ఎక్కితే లేచిన గోడ అది. ప్రాజెక్టులను ఆధునిక దేవాలయాలన్నారు. పాత దేవాలయానికి రాళ్ళు మోసిన మన తాతల్ని గడప తొక్కనియ్యలేదు. కొత్త దేవాలయానికి రాళ్ళు మోసిన మన తల్లిదండ్రులకు దాని కింద ఎకరం తడి పొలం దక్కలేదు. రెండు దేవాలయాల్లోనూ ప్రసాదం భూములున్నవాళ్ళకే. ఆ నీళ్ళ కిందే నాగార్జునకొండ బౌద్ధ ఆరామాల లోయ మునిగింది. ఇప్పుడు సాగర్ ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనంలో బుల్లి స్తూపాలు చేసి పెట్టారు. బాగున్నాయి, పోయి చూడండి. కానీ బుద్ధుణ్ణి బొమ్మగా చూపించి, కులం మీద ఆయన ఎత్తిన ప్రశ్నను చూపించకపోతే అది కూడా సగం బొమ్మే.

"ఏమయ్యా, పార్కుకు పోయి కూడా కులమే వెతుకుతారా? పిల్లలతో హాయిగా తిరిగి రాలేరా?" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మిత్రుడు అన్నాడు. మంచి మనిషే. ఆయనకు మా జవాబు ఇది. మేము వెతకలేదు సార్. పెద్దమ్మ చెయ్యి పెట్టిన చోట అది తగిలింది. మీ తాత గుడికి పోయినప్పుడు స్తంభం మీద శిల్పం చూశాడు. మా తాత ఆ స్తంభాన్ని మోసినోడు, అందుకే మాకు బరువు గుర్తొస్తుంది. మీరు ఆనందించొద్దని మేము అనడం లేదు. మా ఆనందంలోకి మా మనుషుల్ని కూడా రానియ్యమంటున్నాం. అంతే.

అసలు వింతల జాబితా ఎవరు రాస్తారు? ఎవడి చేతిలో సున్నం, ఇటుక, కోశాగారం ఉన్నాయో వాడు. ఓడినవాళ్ళకు, గోడలు లేనివాళ్ళకు కట్టడాలుండవు. మన గుర్తులు చాలావరకు నీళ్ళు, మట్టి, బూడిద. 1927 మార్చి 20న బాబాసాహెబ్ దోసిలి పట్టిన మహద్ చవదార్ చెరువు. 1968 డిసెంబరు 25న 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చిన తమిళనాడు కీలవేణ్మణి. తాగే నీళ్ళను మలినం చేయొద్దన్నందుకు ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తితే 1985 జూలై 17న నెత్తురు పారించిన కారంచేడు. 1991 ఆగస్టు 6న మనుషుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేసిన చుండూరు. ఆ శవాల్ని ఊరి బయట కాదు, ఊరి నడిమధ్యనే పూడ్చిపెట్టి దానికి రక్తక్షేత్రం అని పేరుపెట్టుకున్నారు మనవాళ్ళు. మన చేతులతో మనం లేపుకున్న కట్టడం అది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అందర్నీ వదిలేసింది. కోర్టు తీర్పు చెరిపినా రక్తక్షేత్రం చెరగలేదు. గుర్తులు ఎందుకు కావాలో దాన్ని చూస్తే తెలుస్తుంది.

కన్నీటి గుర్తులే కాదు, గెలుపు గుర్తులూ ఉన్నాయి. పోయేటప్పుడు మా రైలు నాగపూర్‌లో ఆగింది. దసరాకు ఇంకా రెండు రోజులుంది. ప్లాట్‌ఫారం నిండా తెల్లబట్టలు, నీలి జెండాలు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, చద్ది మూటలు. 1956 అక్టోబరు 14న, ఆ ఏటి విజయదశమి రోజున, బాబాసాహెబ్ లక్షలమందితో బౌద్ధంలోకి నడిచిన దీక్షాభూమికి పోతున్నారు వాళ్ళు. అక్కడ ఇప్పుడున్న పెద్ద స్తూపాన్ని 2001 డిసెంబరులో, దళితుడైన మొదటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ తెరిచాడు. మేము కిటికీలోంచి చూశాం. "గీల్లంత యాడికి బోతున్రు?" అని పెద్దమ్మ అడిగితే చెప్పాం. "మరి మనమెందుకు దిగుతలేము?" అంది. రిజర్వేషన్ టికెట్ నిజాముద్దీన్ దాకా ఉందని చెప్పాం. సిగ్గుపడుతూనే చెప్పాం.

ఢిల్లీలో మమ్మల్ని తిప్పిన టూరు వాళ్ళ కాగితంలో 26, అలీపూర్ రోడ్ లేదు. 1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూసిన చోటు అది. 2018 ఏప్రిల్‌లో అక్కడ తెరిచిన పుస్తకం ఆకారంలో స్మారక భవనం వచ్చింది. మేము టూరు బస్సు దిగి ఆటో మాట్లాడుకుని పోయాం. ఎవరో చూపిస్తారని కూర్చుంటే మన చోట్లు మనకు కనిపించవు. ఆటో దిగి నడవాల్సిందే.

పాలకులు మనకేమీ కట్టడం లేదా అంటే కడుతున్నారు. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు లేచాయి. చూసి మేమూ పొంగిపోయాం, ఎందుకు దాచుకోవాలి? కానీ ఒకటి గమనించండి. ప్రపంచాన్ని మోకాలెత్తుకు కుదించడం, బాబాసాహెబ్‌ను ఆకాశమంత ఎత్తుకు పెంచడం, రెండూ సర్కారుకు చాతనైన పనులే. వాడకు మంచినీళ్ళ పైపు వెయ్యడం, మురుగుకు యంత్రం కొనడం, ఊరి శ్మశానంలో గోడ పగలగొట్టడం, ఇవి మాత్రం చాతకావు. పెద్ద బొమ్మయినా చిన్న బొమ్మయినా కొలత సరిగ్గా ఉండాల్సింది మనిషిది.

కొలత అంటే గుర్తొచ్చింది. కొన్నేండ్ల కింద మేము పనిచేసిన ఒక బడిలో పిల్లలకు బుల్లి నమూనాలు చెయ్యమని పోటీ పెట్టాం. అట్టముక్కలు, థర్మోకోల్‌తో అందరూ చార్మినార్లు, తాజ్‌మహళ్ళు చేసుకొచ్చారు. తొమ్మిదో తరగతి చదివే మాదిగపిల్ల ఒకతి మట్టితో తన ఊరిని చేసుకొచ్చింది. గుడి, బొడ్రాయి, పంచాయతీ ఆఫీసు, రెండంతస్తుల మేడలు. వాటికి జానెడు దూరంలో, మురుగు పారి ఆగే పల్లంలో, అగ్గిపెట్టెలంత ఇండ్లు. మధ్యలో ఎర్రదారం పెట్టింది. ఇదేమిటమ్మా అంటే "ఈడ చెప్పులు ఇడుస్తరు సార్, మా తాతలు" అంది. చూడ్డానికి వచ్చిన పెద్దలు మొహాలు మాడ్చుకున్నారు. బహుమతి తాజ్‌మహల్‌కే పోయింది. మేము అప్పుడు గట్టిగా కొట్లాడలేదు. ఆ తప్పు మాది. కానీ ఇన్నేండ్లకు ఢిల్లీ పార్కులో నిలబడ్డప్పుడు మాకు అర్థమైంది. మేము చూసిన బుల్లి కట్టడాలన్నింటిలో నిజం చెప్పింది ఆ పిల్ల చేసిన మట్టి ఊరే.

కాబట్టి మిత్రులారా, మేము అడిగేవి నాలుగే. చెత్తతో వింతలు చేసిన ప్రతి పార్కు గేటు దగ్గరా ఆ చెత్త ఎత్తినవాళ్ళ గురించి ఒక రాయి నాటండి. మంత్రి పేరు రాసే రాయికంటే చిన్నదైనా ఫర్వాలేదు. చెత్త ఏరేవాళ్ళను గుర్తించి నగర వ్యవస్థలో కలుపుకోవాలని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఆ గుర్తింపు కార్డు, ఆ కూలీ, ఆ చేతి తొడుగులు వాళ్ళకు దక్కాయా అని మన మున్సిపాలిటీల్లో మన సంఘాలు పోయి అడగాలి. మురుగులోకి మనిషిని దించిన కాంట్రాక్టరు మీద కేసు పెట్టేదాకా స్టేషన్ ముందు నుంచి కదలొద్దు. ఇక నాలుగోది, మన పంతుళ్ళకు. ఈసారి విహారయాత్ర పెట్టినప్పుడు గోల్కొండ, సాగర్‌లతో పాటు చుండూరు రక్తక్షేత్రానికి, నాగపూర్ దీక్షాభూమికి కూడా పిల్లల్ని తీసుకుపోండి. నమూనా చెయ్యమన్నప్పుడు చార్మినార్‌తో పాటు మీ ఊరు, మీ వాడ కూడా చెయ్యమనండి. కొలత తప్పకుండా చెయ్యమనండి.

వచ్చే దసరాకు మేము మళ్ళీ అదే రైలు ఎక్కుతున్నాం. ఈసారి టికెట్ నాగపూర్ దాకానే. పెద్దమ్మ ఇప్పట్నుంచే తెల్లచీర తీసి పక్కన పెట్టుకుంది. మీరూ రండి.